గంజాయి గోదాములో వెనక తలుపు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నా గోదాము ఆర్నెల్లుగా ఖాళీగానే ఉంది కదా, గంజాయి పెంచే కంపెనీ వాళ్లు అడుగుతున్నారు, మామూలుగా వచ్చే అద్దె కంటే బాగా ఎక్కువ ఇస్తామంటున్నారు, లైసెన్సు కూడా ఉందట, ఇమ్మంటావా వద్దంటావా" అని. మేమిద్దరం ఉండేది కొలరాడోలో. ఇక్కడ గంజాయి దుకాణం కనిపిస్తే ఎవరూ ఆగి చూడరు, అంత మామూలైపోయింది. నేను భవనాలకు ఫైర్ స్ప్రింక్లర్లు, అలారాలు డిజైన్ చేసే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను, గంజాయి గోదాముల డ్రాయింగులు కూడా నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి, అందుకే నన్ను అడిగాడు. రెండు ముక్కల్లో చెప్పి పెట్టేద్దామనుకున్నాను, గంటన్నర మాట్లాడాను. పెట్టేశాక కూడా ఇంకా చెప్పాల్సింది మిగిలిపోయిందనిపించి ఇది రాస్తున్నాను.

గంజాయి మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టడం లేదు. ఓటర్లు ఒప్పుకున్నారు, దుకాణాలు తెరిచారు, వాటి వెనక గోదాముల్లో మనుషులు షిఫ్టుల్లో పని చేస్తున్నారు. వాళ్లు షిఫ్టు అయ్యాక ఇంటికి క్షేమంగా వెళ్లాలి, నా పట్టింపంతా అదే.

మిగతా పరిశ్రమలకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. అమెరికాలో కొత్త పంటో కొత్త యంత్రమో వచ్చిందంటే సాధారణంగా ఫెడరల్ సంస్థలు ముందు చూస్తాయి, ఏ పంట మీద ఏ పురుగుమందు ఎంత కొట్టొచ్చో పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది, దాన్ని పట్టుకుని రాష్ట్రాలు, వాటిని పట్టుకుని నగరాలు నడుస్తాయి. గంజాయిని 1970 నాటి ఫెడరల్ చట్టంలో హెరాయిన్‌తో పాటు మొదటి షెడ్యూలులో పెట్టారు. పైన నేరం, కింద వ్యాపారం. దాంతో పై నుంచి రావాల్సిన లెక్కలేవీ రాలేదు. రాష్ట్రాలు లైసెన్సులిచ్చాయి, పన్నులు వేశాయి, విత్తనం నుంచి అమ్మకం దాకా ప్రతి మొక్కకూ ట్యాగు కట్టి లెక్క పెట్టడం మొదలుపెట్టాయి. కానీ ఆ మొక్క ఉన్న గదిలో కరెంటు తీగ ఎంత మందం ఉండాలి, గ్యాస్ సిలిండరు ఎక్కడ పెట్టాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి అనే ప్రశ్నలు చివరికి వచ్చి పడింది సిటీ హాల్లో ప్లాన్లు చూసే ఇద్దరు ముగ్గురి బల్ల మీద.

కాలిఫోర్నియాలో ఓక్‌లాండ్ 2004లోనే నాలుగు వైద్య గంజాయి దుకాణాలకు అనుమతులిచ్చే ఆర్డినెన్సు, అంటే నగర చట్టం, తెచ్చింది. అది చిన్న మొదలు. అసలు వరద 2012 నవంబరులో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు పెద్దవాళ్లందరికీ అమ్మకాన్ని ఒప్పుకున్నాక వచ్చింది. 2014 జనవరి 1న కొలరాడోలో దుకాణాలు తెరిచారు. ఆ రోజుకి రాష్ట్ర రాజధాని డెన్వర్ ఇన్‌స్పెక్టర్ల చేతిలో ఉన్న ఫైర్ కోడ్, అంటే అగ్ని భద్రత నియమాల పుస్తకంలో గంజాయి కోసమంటూ ఒక అధ్యాయం లేదు. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌లో మొక్కల నుంచి నూనె తీసే కేంద్రాల మీద 39వ అధ్యాయం, జాతీయ అగ్ని రక్షణ సంఘం వాళ్ల ఎన్ఎఫ్‌పీఏ 1 ఫైర్ కోడ్‌లో గంజాయి కేంద్రాల మీదే 38వ అధ్యాయం చేరింది 2018 ప్రతుల్లో. కొత్త ప్రతి అచ్చయినంత మాత్రాన సరిపోదు, ఒక్కో నగరం దాన్ని కౌన్సిల్‌లో పెట్టి ఆమోదించేదాకా పాత పుస్తకమే నడుస్తుంది. మధ్యలోని ఆ ఏళ్లన్నీ పాత కోడ్‌లో ఇక్కడో వాక్యం, అక్కడో వాక్యం ఏరుకుని, గ్రీన్‌హౌస్ రూలొకటి, రసాయన గోదాము రూలొకటి తెచ్చి అతికించి పని నడిపారు. ఒక నగరం రాసుకున్న కాగితాన్ని పక్క నగరం అడిగి తెచ్చుకుని తన పేరు పెట్టుకునేది. దాన్ని నేను తప్పు పట్టను, ఆ కాగితాలే చాలామందిని కాపాడాయి.

ఇక తలుపు సంగతి.

ఆ తొలి రోజుల్లోనే ఒక గోదాముకి స్ప్రింక్లర్ కొలతల కోసం వెళ్లాను. బయటి నుంచి చూస్తే టైర్ల గోదాములా ఉంది, బోర్డు కూడా లేదు. లోపల ఒక పొడవాటి నడవా, దానికి అటూ ఇటూ గదులు, గదుల మధ్య గోడలకు బదులు తెల్లటి ప్లాస్టిక్ పట్టాలు. పట్టాల్ని పైన కూడా కప్పులా కట్టేశారు, అంటే నిప్పంటుకుంటే స్ప్రింక్లర్ నీళ్లు ఆ పట్టా మీద పడి పక్కకు జారిపోతాయి, కింద మంట మండుతూనే ఉంటుంది. ఒక్కో దీపం వెయ్యి వాట్లు, వరసగా పాతిక ముప్పై వేలాడుతున్నాయి, కళ్లు చిట్లించకుండా తల ఎత్తలేం. ఎక్స్‌టెన్షన్ తీగలు నేల మీద, నీళ్ల గొట్టాలు వాటి పక్కనే. నడవా చివరకు వెళ్లి వెనక తలుపు తోశాను. కదల్లేదు. ఇంకోసారి గట్టిగా తోశాను. అప్పుడు చూశాను, తలుపుకి అడ్డంగా ఇనుప పట్టీ, దానికి తాళం కప్ప. పైన మాత్రం ఎగ్జిట్ అని ఆకుపచ్చ అక్షరాలు వెలుగుతున్నాయి. తాళం చెవి ఎక్కడ అంటే మేనేజర్ దగ్గర, మేనేజర్ ఎక్కడ అంటే వేరే బ్రాంచిలో. ఆ పూట లోపల తొమ్మిది మంది ఆకులు కత్తిరిస్తున్నారు.

ఆ యజమాని చెడ్డవాడు కాదు. ఏడాది క్రితం దొంగలు అదే తలుపు పగలగొట్టి లోపలికి వచ్చారట. లైసెన్సు రూల్సు కూడా ఆయన మీద ఒత్తిడి పెడుతున్నాయి, లోపలికి ఎవరు పడితే వాళ్లు రాకూడదు, సరుకు తాళంలో ఉండాలి, కెమెరాలుండాలి, అద్దాలకు కమ్మీలుండాలి. సెక్యూరిటీ రూలు రాసినవాళ్లు దొంగని దృష్టిలో పెట్టుకుని రాశారు. ఫైర్ కోడ్ రాసినవాళ్లు పొగలో తడుముకుంటూ వచ్చే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాశారు, తాళం చెవి గానీ ప్రత్యేకమైన కిటుకు గానీ లేకుండా లోపలి నుంచి తలుపు తెరుచుకోవాలి అన్నది వాళ్ల మొదటి మాట. ఒకే తలుపుని ఇద్దరూ చెరో వైపు లాగుతుంటే నడుమ యజమాని తనకు భయం ఎక్కువున్న వైపు మొగ్గాడు, నిప్పు కంటే దొంగే ఆయన కళ్లకు కట్టినట్టున్నాడు మరి.

దీనికి పరిష్కారం లేక కాదు. నొక్కగానే అలారం మోగి, 15 సెకన్ల తర్వాత తెరుచుకునే తాళాలు ఉన్నాయి, ఫైర్ అలారం మోగినా కరెంటు పోయినా వెంటనే వదిలేస్తాయి, స్ప్రింక్లర్లున్న ఇలాంటి భవనాల్లో కోడ్ వాటిని ఒప్పుకుంటుంది కూడా. బయట హ్యాండిల్ లేకుండా లోపల మాత్రం తోపుడు బారు ఉండే ఇనుప తలుపు ఇంకా సులువు. ఆ యజమానికి ఇవన్నీ చెప్పాల్సింది ఎవరు? లైసెన్సు ఇచ్చిన ఆఫీసు, పోలీసులు, ఫైర్ వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే కాగితం ఇచ్చి ఉంటే ఆ పట్టీ పడేది కాదు. ముగ్గురూ మూడు కాగితాలిచ్చారు. నేను కోడ్ గురించి ఎవరితో మాట్లాడినా ముందు దీని గురించే మాట్లాడేది అందుకే.

మనకు కనిపించని ప్రమాదం ఇంకోటి ఉంది, బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్. బయటి గాలిలో అది 420 పీపీఎం చిల్లర, అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్ల చిల్లర ఉంటుంది. మొక్కలు ఏపుగా పెరగాలని పెంపకందార్లు గదిలో దాన్ని వెయ్యి నుంచి పదిహేను వందల దాకా పెంచుతారు. అంతవరకూ మనిషికి ఏమీ కాదు, ఎనిమిది గంటల షిఫ్టుకి ఫెడరల్ పరిమితి 5,000. కానీ వాల్వు ఇరుక్కుపోయి తెరుచుకునే ఉండిపోతే, అది కూడా సందుల్లేకుండా మూసిన చిన్న గదిలో, లెక్క ఎక్కడికైనా పోవచ్చు. 40,000 దగ్గర ప్రాణానికే తక్షణ ప్రమాదం. వాసన ఉండదు, రంగు ఉండదు, గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది, మొక్క మొదలు దగ్గర వంగి పని చేసే మనిషికి ముందు తగులుతుంది. తలనొప్పి, మగత, ఆ తర్వాత పడిపోవడం. పడిపోయినవాణ్ని లేపడానికి పరిగెత్తినవాడు కూడా పడిపోతాడు, అందుకే గది బయట కూడా అలారం ఉండాలి. ఒక చోట సెన్సరు కనబడలేదేమని వెతికితే పైకప్పుకి ఒక అడుగు కింద బిగించి ఉంది, కింద ఉంటే నీళ్లు పడుతున్నాయని ఎలక్ట్రీషియన్ పైకి మార్చాడట. ఇంకో చోట ఊరికే మోగుతోందని దాని మీద టేపు వేశారు. ఆ టేపు నేనే నా గోటితో పీకాను. కోడ్‌లో సెన్సరు ఉండాలి అని ఒక్క మాట రాస్తే ఇలాగే జరుగుతుంది, ఎంత ఎత్తులో, ఎంత లెక్క దగ్గర మోగాలి, మోగితే సరఫరా దానంతటదే ఆగాలా, ఎన్నాళ్లకోసారి పరీక్షించాలి, ఇవన్నీ రాయాలి. సిలిండర్లకు బదులు గ్యాస్ మండించి ఈ వాయువు పుట్టించే బర్నర్లు వాడేవాళ్లూ ఉన్నారు, అవి సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి ఇంకో సెన్సరు.

మా తమ్ముణ్ని అడగమన్న మొదటి ప్రశ్న మాత్రం వేరే. "వాళ్లు మొక్కలు పెంచుతారా, నూనె కూడా తీస్తారా? ఆ సంగతి ముందు కనుక్కో." ఎందుకంటే ఆ రెండూ ఒకే వ్యాపారం పేరుతో నడిచినా ప్రమాదంలో పోలికే లేదు.

ఆకులోంచి గాఢమైన నూనె తీయడానికి బ్యూటేన్ గానీ ప్రొపేన్ గానీ ఆల్కహాల్ గానీ పీడనంలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ గానీ వాడతారు. బ్యూటేన్ అంటే లైటర్లో ఉండేదే. సున్నా డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది, గాలికంటే రెట్టింపు బరువు, నేల మీద నీళ్లలా పాకుతుంది. గాలిలో 1.8 శాతం చేరితే చాలు, ఒక ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ సరిపోతుంది. వంటగ్యాస్‌లో లీకు తెలియడానికి ఘాటు వాసన కలుపుతారు, నూనె తీసే బ్యూటేన్‌లో సరుకు పాడవుతుందని ఆ వాసన కలపరు, కాబట్టి ముక్కు మీద ఆధారపడే వీలే లేదు. మొదట్లో ఇళ్లలో దీన్ని ప్లాస్టిక్ గొట్టంలో ఆకు కూరి, ఒక వైపు నుంచి డబ్బా గుచ్చి, ఇంకో వైపు నుంచి కారేది గిన్నెలో పట్టి చేసేవారు. వాడిన గ్యాసంతా గదిలోకే.

2013 నవంబరులో వాషింగ్టన్ రాష్ట్రం బెల్‌వ్యూలో ఒక అపార్టుమెంటులో ఇలా చేస్తుంటే పేలింది. జనం పై అంతస్తుల నుంచి దూకారు. ఆ భవనంలోనే ఉంటున్న నాన్ క్యాంప్‌బెల్ అనే 87 ఏళ్ల ఆవిడ తప్పించుకుని బయటకు వస్తూ పడి కటి ఎముక విరగ్గొట్టుకున్నారు, తర్వాత చనిపోయారు. ఆవిడ బెల్‌వ్యూ మాజీ మేయర్, ఆ నగరానికి తొలి మహిళా మేయర్. తన ఊరికి ఆర్డినెన్సులు చేసిన మనిషి, ఊళ్లో ఇంకా ఎవరూ రూలు రాయని ఒక ప్రమాదానికి బలైపోయారు. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కొలరాడోలో కూడా ఇళ్లలో పేలుళ్లు పెరిగాక 2015లో లైసెన్సు లేకుండా మండే ద్రావకాలతో నూనె తీయడాన్ని రాష్ట్రం నేరం చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ పట్టుకున్నారు.

లైసెన్సున్న చోట ఈ పనికి ఇప్పుడు కోడ్ చెప్పేది చాలా గట్టిగా ఉంటుంది, నాకు నచ్చేది కూడా ఆ గట్టితనమే. గ్యాస్ బయటకు పోకుండా తిరిగి ట్యాంకులోకే వెళ్లే మూసిన యంత్రం వాడాలి. ఆ యంత్రాన్ని ఒక ఇంజినీరు పరీక్షించి సంతకం పెట్టాలి, బిగించాక మళ్లీ వచ్చి చూడాలి. ఆ పనికే కేటాయించిన గది కావాలి, ఇళ్లూ బడులూ ఆసుపత్రులూ ఉన్న భవనంలో ఆ గది ఉండకూడదు. గాలి లాగేసే ఫ్యాను, గ్యాస్ పసిగట్టే డిటెక్టరు, అది మోగగానే పని ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. తలుపు బయటి వైపుకే తెరుచుకోవాలి, దానంతటదే మూసుకోవాలి, చేత్తో వెతక్కుండా ఒంటితో తోస్తే తెరుచుకునే బారు ఉండాలి. ఆ తలుపు గురించి రాసిన మూడు ముక్కలు చదివినప్పుడు, ఇది రాసినవాళ్లు ఒంటికి నిప్పంటుకున్న మనిషిని ఊహించుకునే రాశారని నాకు అర్థమైంది. ఈ రంగంలో అందరూ ఆ గదిని సీ వన్ డీ వన్ గది అంటారు, అంటే పేలుడు వాయువు మామూలుగానే ఉండొచ్చని లెక్కేసి కరెంటు సామాను బిగించే గది. కట్టడానికి ఖర్చు బాగా అవుతుంది. ఆ ఖర్చు చూసి పాత యంత్రం కొని, గొట్టం మార్చి, ఇంజినీరు సంతకం పెట్టినప్పటి యంత్రానికీ ఇప్పటి దానికీ పొంతన లేకుండా చేసినవాళ్లనీ చూశాను. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వస్తాడు, గొట్టం ఎప్పుడైనా మారుతుంది.

కోడ్ నూనె తీసేవాడితో ఆగిపోకూడదని లాస్ ఏంజెలిస్ చూపించింది. 2020 మే 16న డౌన్‌టౌన్‌లో ఒక సరఫరా గోదాములో మంటలని ఫైర్ వాళ్లు వెళ్లారు. లోపలికి వెళ్లినవాళ్ల మీదకే ఒక్కసారిగా పేలింది, పదిమందికి పైగా సిబ్బంది కాలిన గాయాలతో నిచ్చెనల మీదుగా మంటల్లోంచి దిగారు. ఆ గోదాములో గంజాయి లేదు, గంజాయి నూనె తీసేవాళ్లకు అమ్మే సామాను ఉంది, అందులో బ్యూటేన్ డబ్బాలున్నాయి. తర్వాత నగరం వందల నేరారోపణలు పెట్టింది. లోపలికి వెళ్తున్న మనిషికి లోపల ఏముందో తెలియాలి, దాని కోసమే గుమ్మం దగ్గర రంగుల పలక, ఫైర్ స్టేషన్‌లో ఆ భవనం నక్షా, తాళం చెవులు పెట్టే చిన్న ఉక్కు పెట్టె. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

ఇప్పటిదాకా చెప్పినవి నిప్పు, గ్యాసు. మెల్లగా చంపేవి కోడ్‌లో ఇంకా సరిగా ఎక్కలేదు, నాకు అసలు బాధ ఇక్కడే. 2022 జనవరిలో మసాచుసెట్స్ హోలియోక్‌లో 27 ఏళ్ల అమ్మాయి, గంజాయి పొడి చేసి సిగరెట్లుగా నింపే చోట పని చేసేది, పనిలోనే ఊపిరి అందక పడిపోయి, కొద్ది రోజులకే చనిపోయింది. నెలల తరబడి దగ్గు, ఆయాసం, మధ్యలో ఒకసారి ఆసుపత్రి కూడా అయింది. ఈ పరిశ్రమలో వృత్తి వల్ల వచ్చిన ఉబ్బసంతో సంభవించిన మరణంగా అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ దాన్ని 2023లో నమోదు చేసింది. చెక్కపొడికి, పిండిమర పొడికి దశాబ్దాలుగా మనకు లెక్కలున్నాయి, పొడి లాగే గొట్టం ఎక్కడ పెట్టాలి, ఎవరికి ఏ మాస్కు ఇవ్వాలి అని. ఆకుపొడి విషయంలో మాత్రం ఒక ప్రాణం పోతే గానీ అందరూ ఉలిక్కిపడలేదు. లైసెన్సు దరఖాస్తులో కెమెరాల సంఖ్య అడిగే నగరాలు, పొడి చేసే గదిలో గాలి ఎలా బయటకు పోతుందో కూడా అదే కాగితంలో ఎందుకు అడగవు? పనివాళ్ల ఆరోగ్యం రాష్ట్రానిది, ఫెడరల్ వాళ్లది అని సమాధానం వస్తుంది. గాలి గొట్టాల పర్మిట్ ఇచ్చేది మాత్రం నగరమే కదా.

పురుగుమందుల్లో డెన్వర్ మాత్రం ముందుకు వచ్చింది. 2015లో నగర ఆరోగ్య అధికారులు తోటల్ని తనిఖీ చేసి, అనుమతి లేని మందులు కొట్టారని వేల మొక్కల్ని అమ్మకుండా ఆపేశారు. ద్రాక్ష తోటల్లో బూజుకి వాడే మైక్లోబ్యుటానిల్ లాంటి మందు ద్రాక్ష మీద ఉంటే ఒక లెక్క, కాల్చి పొగ పీల్చే మొక్క మీద ఉంటే ఇంకో లెక్క, వేడికి అది విరిగి హైడ్రోజన్ సైనైడ్ ఇస్తుంది. అదే ఏడాది నవంబరులో అప్పటి కొలరాడో గవర్నర్ హికెన్‌లూపర్ అలాంటి సరుకు ప్రజా భద్రతకు ముప్పని ఉత్తర్వు ఇచ్చారు. ఒక నగరపు ఆరోగ్య శాఖ కదిలితే రాష్ట్రం కదిలింది. చేయాలనుకుంటే చేయొచ్చని దీన్ని చూసే నాకు నమ్మకం.

డబ్బు గురించి కూడా ఒక మాట. ఫెడరల్ నేరం కాబట్టి చాలా బ్యాంకులు ఈ ఖాతాలు తెరవవు, దాంతో వ్యాపారం చాలాకాలం నోట్ల మీదే నడిచింది, చాలా చోట్ల ఇప్పటికీ అంతే. నోట్లున్న చోటికి తుపాకులు వస్తాయి. 2016 జూన్‌లో డెన్వర్ పక్కనున్న ఆరోరాలో ఒక దుకాణం కాపలాదారుడు దోపిడీ ప్రయత్నంలో కాల్పులకు చనిపోయాడు, కుర్రాడు, అంతకు ముందు మెరైన్ దళంలో పని చేశాడు. ఆ తాళాలూ కమ్మీలూ అనవసరమని నేను అననిది అందుకే. తాళం ఉండాలి, లోపలివాడికి అది అడ్డం కాకూడదు.

రెండేళ్ల కిందట ఒక చిన్న నగరంలో గంజాయి ఆర్డినెన్సు మీద బహిరంగ విచారణ జరిగితే వెళ్లాను. మూడు గంటలు నడిచింది. వాసన గురించి ఇరవై మంది మాట్లాడారు, బడికి వెయ్యి అడుగుల దూరం గేటు నుంచి కొలవాలా గోడ నుంచి కొలవాలా అని నలభై నిమిషాలు వాదించుకున్నారు, బోర్డు మీద ఆకు బొమ్మ ఉండొచ్చా అని ఇంకో అరగంట. వాసన బాధ నిజమే, నేను కొట్టిపారేయను, డెన్వర్‌లో వాసన కొలవడానికి ముక్కుకి పెట్టుకునే పరికరంతో ఇన్‌స్పెక్టర్లు తిరిగేవారు, పెంపకందార్లు వాసన ఆపే ప్రణాళిక ఇచ్చి తీరాలని రూలు కూడా ఉంది. కానీ ఆ రాత్రి నగర అగ్ని భద్రత అధికారి ఫైర్ మార్షల్‌కి మాట్లాడే వంతు వచ్చేసరికి పదిన్నర దాటింది. ఆయన ఆరు నిమిషాలు మాట్లాడాడు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ఒక్క కౌన్సిల్ సభ్యురాలు మాత్రం తలుపులు, పొగ దారులు గురించి ప్రశ్న వేసింది, మిగతావాళ్లు కాగితాలు సర్దుకుంటున్నారు. బయటకు వచ్చి కారులో కాసేపు ఊరికే కూర్చున్నాను, ఇంటికి వెళ్లి ఆ సభ్యురాలికి రెండు పేజీల ఈమెయిలు రాశాను. ఆమె జవాబిచ్చింది, వెనక తలుపు మీద ఒక వాక్యం ఆర్డినెన్సులోకి వచ్చింది కూడా. మీ ఊళ్లో ఇలాంటి విచారణ ఉంటే వెళ్లండి, రెండు నిమిషాలు మాట్లాడనిస్తారు, వాసన గురించి చెప్పేవాళ్లు ఎటూ ఉంటారు, మీరు లోపల పని చేసేవాళ్ల గురించి అడగండి.

మా ఊళ్లో వద్దే వద్దు అని నిషేధించిన నగరాలూ చాలా ఉన్నాయి, కాలిఫోర్నియాలో ఎక్కువ నగరాలు దుకాణాల్ని ఒప్పుకోలేదు. అది వాళ్ల హక్కు, చట్టమే ఇచ్చింది. అయితే నిషేధించాం కదా మాకు కోడ్ ఎందుకు అనుకుంటే పొరపాటు, గ్యారేజీలో డబ్బా గుచ్చేవాడు ఆర్డినెన్సు చదివి గుచ్చడు. అలాంటి ఊళ్లలో కూడా ఫైర్ సిబ్బందికి, ఆ ఇళ్లలోకి వెళ్లే పోలీసులకు శిక్షణ కావాలి.

కోడ్ మరీ బిగిస్తే చిన్నవాళ్లు నిలబడలేరు, పెద్ద కంపెనీలే మిగులుతాయి అనే వాదన కూడా విన్నాను, అందులో కొంత నిజముంది. కానీ నా అనుభవంలో చిన్నవాళ్లని ముంచేది రూలు కంటే, రూలు ఆలస్యంగా తెలియడం. గోదాము అద్దెకు తీసుకుని, దీపాలు కొని, గదులు కట్టాక సిటీ వాళ్లు వచ్చి ఇది సరుకు నిల్వకు అనుమతున్న భవనం, ఫ్యాక్టరీ వాడకానికి మార్చాలి, స్ప్రింక్లర్లు మార్చాలి, కరెంటు ప్యానెలు చాలదు అంటే అప్పుడు తల ప్రాణం తోకకొస్తుంది. లీజు మీద సంతకం కాకముందే ప్లానింగు, భవనాలు, ఫైరు, పోలీసు నలుగురూ ఒక గంట కూర్చుని ఆ భవనం పనికొస్తుందో లేదో చెప్పే ఏర్పాటు ప్రతి నగరంలోనూ ఉండాలి. కొన్ని చోట్ల ఉంది, అక్కడ డ్రాయింగులు మొదటి దఫాలోనే పాసవడం నేను చూశాను.

మా తమ్ముడికి ఇంకో హెచ్చరిక కూడా చేశాను, మనవాళ్లు చాలామంది మర్చిపోయేది. రాష్ట్రంలో లీగలే అయినా ఫెడరల్ చట్టం వేరు, గంజాయి వ్యాపారంతో సంబంధం ఉంటే సిటిజన్‌షిప్ దరఖాస్తుకి అడ్డం రావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019లో స్పష్టంగా చెప్పింది. వాడికి ఇంకా గ్రీన్‌కార్డే. "అద్దెకివ్వడం కూడా సంబంధమేనా అన్నా" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను కాదు లాయర్‌ని అడుగు, సంతకం పెట్టకముందే అడుగు అన్నాను.

నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. వాళ్లు నూనె తీయరట, పెంపకమే. ఇమిగ్రేషన్ లాయర్‌తో అపాయింట్‌మెంట్ బుధవారం, అక్కడ కుదరదంటే కథ అంతటితో సరి. కుదిరితే గురువారం పొద్దున పదింటికి సిటీ ఫైర్ ప్రివెన్షన్ ఆఫీసులో ఇంకో అపాయింట్‌మెంట్, కాబోయే అద్దెదారుని కూడా రమ్మన్నాడు, నేనూ వెళ్తున్నాను. పాత డ్రాయింగులు దొరకలేదని గోదాము ఫోటోలు పంపాడు. వెనక తలుపు ముందు పాత మంచమొకటి, రెండు టైర్లు, ఒక వాషింగ్ మెషీను పేర్చి ఉన్నాయి. "ముందు అవి తీయించరా" అని మెసేజ్ పెట్టాను. అరగంటలో ఖాళీ చేసిన ఫోటో వచ్చింది, తలుపు బార్లా తెరిచి, అవతల పార్కింగు కనబడుతూ.